నలభై ఒక్క ఓట్లు

ఆదివారం పొద్దున తొమ్మిదీ నలభైకి రిషిత గది తలుపు కొట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా విషయం తేలకపోతే ఆ అమ్మాయి చదువు గంగలో కలిసినట్టే. అంటే నా చేతిలో ఉన్నది మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇన్సూరెన్సు కంపెనీలో ఇరవై మూడేళ్ళు దొంగ క్లెయిములు పట్టినదాన్ని. ఇంతకంటే తక్కువ టైములో తేల్చినవి ఉన్నాయి, తేల్చలేక తల పట్టుకున్నవీ ఉన్నాయి. రిటైరయ్యాక ఇంట్లో తోచక తలుపు మీద నా పేరు, 'సుమిత్ర' అని రాసి, కింద 'డిటెక్టివ్' అని రాయించుకున్నాను. ఆ బోర్డు చూసి మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీ.

తలుపు తీసిన పిల్లకి ఇరవై నాలుగేళ్ళుంటాయి. మాస్టర్స్ చదవడానికి కరీంనగర్ నుంచి జర్మనీలోని ఈ డ్రెస్డెన్‌కి వచ్చి రెండేళ్ళయింది. కళ్ళు వాచి ఉన్నాయి. హాస్టల్ వంటగదిలో కూర్చోబెట్టి టీ పెడతానంది. వద్దన్నాను. ప్రశ్నలడిగేటప్పుడు అవతలివాళ్ళ చేతిలో గరిటె ఉండడం నాకు ఇష్టముండదు. దాన్ని తిప్పుతూ సమాధానం వండుకుంటారు.

"మొదట్నుంచీ చెప్పమ్మా. నాకు మీ కంప్యూటర్ భాష రాదు. మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు."

"నేను 'పందిరి' అని ఒక సాఫ్ట్‌వేర్ చేసిన ఆంటీ. ఎవరికన్న వెబ్‌సైట్ ఉందనుకోండి. దాన్ని పెద్ద కంపెనీల దగ్గర పెట్టి వాళ్ళ దయ మీద బతికే పని లేకుండ, సొంత మెషీన్ మీద సొంతంగ పెట్టుకోవచ్చు. ఓపెన్ సోర్స్. కోడ్ మొత్తం బయటనే ఉంటది. ఎవరన్న చూడొచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే సరిచేయొచ్చు."

"ఎంతమంది వాడుతున్నారు?"

"మూడు వందల దాక ఉన్నరు. ఒక బేకరీ, ఒక ఫుట్‌బాల్ క్లబ్, ఇద్దరు టీచర్లు... రోజూ ఎవరో ఒకరు డౌట్ అడుగుతరు. అందరికీ నేనే జవాబు రాస్త."

"మరి ఓట్ల గొడవేంటి?"

"కెల్లర్ అని డెవలపర్ల ఫోరమ్ ఉంది. కొత్తగ ఏదన్న చేస్తే అందులో పోస్ట్ పెడతం. నచ్చినోళ్ళు ఓటేస్తరు. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కువ ఓట్లున్న పది పోస్టులు మొదటి పేజీ మీదికి పోతయి. రోజంత అక్కడనే ఉంటయి, వేలమంది చూస్తరు. పోయిన ఆదివారం నాది పోయింది. సాయంత్రానికి తీసేసిన్రు. నలభై ఒక్క ఓట్లు ఒకటే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చినయంట. అన్నీ ఆ రోజే తెరిచిన అకౌంట్లంట. నేను దొంగ ఓట్లు ఏయించుకున్ననంట."

కెల్లర్‌లో పెద్ద నియమాలు రెండే. నువ్వు చేసిన సరుకైతే నువ్వే చేశావని మొదటి లైనులో ఒప్పుకోవాలి. ఓట్లు అడుక్కోకూడదు. రిషిత తన పోస్టు చూపించింది. "ఇది నేనే చేశాను" అని మొదలుపెట్టి, ఆ కింద పందిరిలో ఏమేం సరిగా పనిచేయవో అయిదు లోపాలు తనే వరసగా రాసింది. సరుకు అమ్ముకునేవాడు అందులోని పురుగుని తనే చూపించడం నా ఉద్యోగమంతటిలో ఎక్కడా చూడలేదు. నాకు ముచ్చటేసింది.

"దీనికీ నీ డిగ్రీకీ ఏంటి సంబంధం?"

"థీసిస్‌ల ఆఖరి చాప్టర్ దీని మీదనే ఆంటీ. జనం పందిరిని ఎట్ల తీసుకున్నరు అని. ఇయ్యాల ఒంటిగంటకి కెల్లర్ వాళ్ళు రిపోర్ట్ పెడతరు. అందుల మోసం అని వస్తే ప్రొఫెసర్ దాన్ని పరీక్షల కాపీ కొట్టినట్టే లెక్కేస్తడు. ఇంక డిగ్రీ లేదు."

"పోయిన ఆదివారం పదకొండున్నర నుంచి పన్నెండు దాకా ఎక్కడున్నావు?"

"ఇక్కడనే. తొమ్మిదింటికి పోస్ట్ పెట్టి పండుకున్న."

"ఫోను?"

"చూడలే. ఒంటిగంటకి లేసినంకనే చూసిన."

ఆ మాట అంటూ బల్ల మీద రాలిన బ్రెడ్డు తునకల్ని వేలితో ఒక్కచోటికి పోగు చేసింది. నేను ఆ వేలి వంకే చూశాను.

"నీకెవరి మీదైనా అనుమానం ఉందా?"

"లేదాంటీ. ఎవరి మీద లేదు."

దొంగతనం జరిగిన ఇంట్లో ఎవరి మీదా అనుమానం లేనివాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు. పక్కింటివాడి మీదో, పనివాళ్ళ మీదో, ఆఖరికి తోడికోడలి మీదో ఉండి తీరుతుంది. ఆ ముక్క మనసులో పెట్టుకుని లేచాను. అప్పటికి టైము పదీ అయిదు.

ట్రామ్ ఎక్కేలోపే విక్రాంత్ ఫోన్ చేశాడు. కెల్లర్‌ని నడిపేది వాలంటీర్ల సంఘం. విచారణ చేసి రిపోర్టు రాయమని ఆ సంఘం ఇతనికి అప్పగించింది. హైదరాబాద్ కుర్రాడు, ముప్పై నాలుగేళ్ళు, పగలంతా ఒక చిప్ కంపెనీలో కంప్యూటర్ల భద్రత చూస్తాడు. తెలివైనవాడే. ఆ సంగతి అతనికి మరీ ఎక్కువ తెలుసు.

"మేడమ్, ఇంకా తిరుగుతున్నారా? దీంట్లో డిటెక్ట్ చేయడానికి ఏముంది చెప్పండి. లాగ్స్ క్లియర్‌గా ఉన్నాయి. ఎవడో ఒక మెషీన్ ముందు కూర్చుని స్క్రిప్ట్ రన్ చేశాడు. ఫార్టీ వన్ ఓట్స్. అయిపోయింది."

"మీ మెషీన్ మధ్యలో అయిదు నిమిషాలు ఆగింది, దానికి టీ అలవాటుందా, విక్రాంత్ గారూ?"

"ఏంటి?"

"ఏం లేదు. ఒంటిగంటకి ముందు రిపోర్టు పంపకండి. నేను ఫోన్ చేస్తాను."

అతను నిన్న నాకు పంపిన లిస్టు ఒళ్ళో పరుచుకున్నాను. పేర్లు తీసేసిన నలభై ఒక్క వరసలు, పక్కన టైములు, తప్పుల వివరాలు. నిన్న రాత్రే ఒకసారి చూశాను గానీ ట్రామ్‌లో మూడోసారి చదివినప్పుడు గానీ నాకు దీపం వెలగలేదు.

మొదటి ఓటు 11:42. ఆఖరి ఓటు 11:58. మెషీనైతే నలభై ఒక్క అకౌంట్లు నిమిషంలో తెరిచి పారేస్తుంది. ఇక్కడ చాలామంది రెండేసి, మూడేసి నిమిషాలు తంటాలు పడ్డారు. ఏడుగురు పాస్‌వర్డ్ రెండోసారి తప్పు కొట్టారు. ఒకరైతే పుట్టినరోజు అడిగిన చోట ఫోన్ నంబరు రాశారు. ఏ మెషీనూ అంత అమాయకంగా ఉండదు. ఇంకొకటి. నలభై ఒక్కదాంట్లో పద్నాలుగు అకౌంట్లు జర్మన్‌లో తెరిచారు. తడబాటు లేదు, తప్పు లేదు, అరనిమిషంలో పని అయిపోయింది. పెద్దవాళ్ళ ఫోను తీసుకుని "ఇలా ఇవ్వు" అని చకచకా నొక్కేసే వేళ్ళు ఎవరివో నాకు తెలుసు. నా పిల్లలూ ఆ వయసులో నా ఫోను అలాగే లాక్కునేవాళ్ళు.

ఇంగ్లీషులో తడబడే పెద్దలు, జర్మన్‌లో తడబడని పిల్లలు, ఆదివారం పదకొండూ నలభై, ఒకటే వైఫై. డ్రెస్డెన్‌లో ఆ నాలుగూ కలిసే చోటు ఒక్కటే ఉంది. తరవాతి స్టాపులో దిగి ఎదురు ట్రామ్ ఎక్కాను.

తెలుగు సంఘం వాళ్ళు ఆదివారాలు పిల్లలకి తెలుగు నేర్పడానికి ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుంటారు. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా క్లాసు. పిల్లలు లోపల గుణింతాలు దిద్దుతుంటే తల్లిదండ్రులు బయట వరండాలో బెంచీల మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. పదకొండూ నలభైకి టీ, పిల్లలకీ కాసేపు ఆటవిడుపు. నేను వెళ్ళేసరికి పదకొండూ పది. వరండాలో అరవై మంది దాకా ఉన్నారు.

చెప్పులు వదిలే చోట గోడ మీద హాలు వైఫై పేరు, పాస్‌వర్డు పెద్ద అక్షరాలతో రాసి అంటించి ఉన్నాయి. నా ఫోను దానికి కలిపి, విక్రాంత్ చెప్పిన తీరులో కనెక్షన్ నంబరు చూశాను. లిస్టులో ఉన్న నంబరే. పక్కన నోటీసు బోర్డు అద్దం మీద నాలుగు మూలలా టేపు ముక్కలున్నాయి, మధ్యలో కాగితం లేదు. ఒక టేపు ముక్క కింద చిరిగిన కొన మిగిలిపోయింది. దాని మీద చేత్తో రాసిన తెలుగు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో: "...యి రిషిత".

క్లాసులోంచి నీళ్ళ సీసా కోసం బయటికొచ్చిన టీచర్ లీలను ఆపాను. కాకినాడ మనిషి, నలభై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ హడావుడిగా ఉంటుంది.

"ఇక్కడ ఏం అంటించారు లీలా?"

"అదాండీ? 'మన అమ్మాయి రిషిత' అని పోస్టరండీ. గళ్ళ బొమ్మ కూడా వేసి, ఫోనుతో స్కాన్ చేసి ఓటెయ్యమని. పోయినవారం టీ టైములో భలే సందడయిందిలెండి. చేతకాని వాళ్ళకి పిల్లలు చేసిపెట్టారు. మా చిన్నాడైతే ఆరుగురికి చేశాడు!" అని, నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏమండీ, ఏమైనా తప్పా?"

"అంటించిందెవరు?"

"ప్రెసిడెంట్ గారేనండీ. రామారావు గారు."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎందుకంటే, ఈ కేసు నాకు అప్పగించిందే ఈ రామారావు గారు. "అమ్మా సుమిత్రా, బంగారంలాంటి పిల్లమ్మా, ఎవడో కుళ్ళుబోతు దొంగ ఓట్లేసి దాని మీద నింద వేశాడు, వాణ్ణి పట్టుకో" అని గురువారం మా ఇంటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆయన వంటగదిలో టీ ఫ్లాస్కులు నింపుతున్నాడు. డెబ్బై నాలుగేళ్ళు. ఈ దేశం రెండు ముక్కలుగా ఉన్న రోజుల్లో బెజవాడ నుంచి ఇక్కడికి ఇంజనీరింగు చదవడానికొచ్చి ఉండిపోయాడు. కుర్చీలు మడతపెట్టి ఉంచే గదిలోకి ఆయన్ని తీసుకెళ్ళి తలుపు మూశాను.

"రామారావు గారూ, పోయిన ఆదివారం ఇక్కడ ఓట్లు వేయించారా?"

"వేయించాను! మన పిల్ల ఏదో పోటీలో ఉందని తెలిసింది. లింకు ఆ పిల్ల ఫ్రెండెవరో మన సంఘం గ్రూపులో పెట్టాడు. నేను ప్రింటు తీసి అంటించాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదమ్మా. ఆ పిల్ల అడగదు, మొహమాటం. అందుకని నేనడిగాను."

"ఎంతమంది వేశారు?"

"ముప్పై, నలభై... అయినా నా ఓట్లతో నీకేం పని? నువ్వు ఆ దొంగ ఓట్ల సంగతి చూడు."

"ఆ దొంగ ఓట్లు మీవేనండీ."

ఆయనకి అర్థం కాలేదు. నేను లిస్టు తీసి టైములు చూపించాను. వేలు పెట్టి ఒక్కో వరసా చూశాడు.

"బాట్లు అన్నారు కదమ్మా వాళ్ళు. బాట్లంటే మిషన్లు. మా ఆవిడ మిషనా?"

"కాదు. కానీ మీ ఆవిడగారు పందిరి అంటే ఏంటో తెలిసి ఓటేశారా? వాడి చూశారా?"

మడత కుర్చీ ఒకటి తీసి దాని మీద కూలబడ్డాడు. "నేను వచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో ఆరుగురు తెలుగువాళ్ళం. ఒకడికి జ్వరమొస్తే అయిదుగురం వండిపెట్టేవాళ్ళం. ఒకడు పరీక్ష రాస్తే మిగతావాళ్ళం బయట నిలబడేవాళ్ళం. మనవాళ్ళకి మనం కాకపోతే ఎవరమ్మా? నా చేత్తో నేనే ఆ పిల్ల గొంతు కోశానా?"

నాకు ఆయన మీద కోపం రావలసింది, జాలి వచ్చింది. మంచితనమే ఇంత పని చేస్తే ఇంక చెడ్డతనం ఎందుకు, దండగ.

"ఇంకొక్కటి. 11:42 నుంచి 11:49 దాకా ముప్పై రెండు ఓట్లు పడ్డాయి. తరవాత అయిదు నిమిషాలు ఒక్కటీ లేదు. మళ్ళీ 11:54 నుంచి తొమ్మిది. మధ్యలో ఎందుకు ఆగారు?"

"టీ... టీ చల్లారిపోతోందని," అన్నాడు నేల చూస్తూ.

విక్రాంత్‌కి ఫోన్ చేశాను. రిషితకీ చేశాను. అతను పన్నెండూ అయిదుకి లాప్‌టాప్ బ్యాగుతో వచ్చాడు.

"చర్చిలో డిటెక్టివ్ పనేంటి ఆంటీ?"

"పొద్దున మేడమ్‌ని కదా, ఇప్పుడు ఆంటీనయ్యానా? సరే, మీ లిస్టులో పదిహేడో పేరు చదవండి."

చదివాడు. బెంచీ చివర కూర్చున్న ఒక పెద్దావిడ "నేనేనయ్యా" అని చెయ్యెత్తింది. ఇరవై ఆరోది చదివాడు. ఇంకొకాయన లేచి ఫోను చూపించాడు. పుట్టినరోజు దగ్గర ఫోను నంబరు రాసిందెవరని అడిగితే ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వాళ్ళ పిల్లాడు క్లాసు గుమ్మంలోంచి జర్మన్‌లో "అమ్మకి నేను చెప్పా, వినలేదు" అన్నాడు. అయిదో పేరు దాటాక విక్రాంత్ చదవడం ఆపేశాడు.

"ఓకే. బాట్స్ కాదు. మనుషులే. నా అంచనా తప్పు." ఆ మాట అనడానికి అతనికి బాగానే కష్టమయింది. వెంటనే తేరుకున్నాడు. "కానీ ఇది ఇంకా వరస్ట్, మేడమ్. స్క్రిప్ట్ అయితే ఒక్కడి తప్పు. ఇక్కడ హాలంతా కలిసి చేశారు. ఒక్కరైనా ఆ సాఫ్ట్‌వేర్ వాడారా? రేపు ఇంకో కంపెనీవాడు తన అయిదు వందల మంది ఉద్యోగులతో ఓట్లేయిస్తే నేను ఏ మొహంతో ఆపాలి? వాళ్ళూ నిజం మనుషులే కదా."

"మీరు చెప్పింది నిజమే."

వాదిస్తాననుకున్నాడు కాబోలు, ఒక్క క్షణం తెల్లబోయాడు.

"ఓట్లు తప్పు, తీసేయండి. నేనడిగేది ఆ పిల్ల గురించి. నియమం చదవండి."

ఫోన్‌లో వెతికి చదివాడు. "రూపకర్త ఓట్లు అడగరాదు. రూపకర్తకు తెలియకుండా వేరేవారు అడిగితే ఆ ఓట్లు రద్దవుతాయి. రూపకర్తపై చర్య ఉండదు."

"అడిగింది నేను," అని రామారావు గారు ముందుకొచ్చాడు. "ఆ పిల్లకి తెలియనే తెలియదు. ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

విక్రాంత్ బెంచీ మీద కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాడు. పన్నెండూ ఇరవై అయింది. కేసు నెగ్గాను. నాకు సంతోషంగా ఉండాలి, లేదు. ఆ తొమ్మిది ఓట్లు చేపముల్లులా గొంతులో అడ్డం పడ్డాయి. అరవై మంది హాల్లో ఉన్నారు. ఓట్లేసే ఊపులో ఉన్నారు. తొమ్మిదికి ఎందుకు ఆగారు? పదో మనిషిని ఎవరు వద్దన్నారు?

లీల పిల్లల పలకలు సర్దుతోంది.

"పోయినవారం ప్రెసిడెంట్ గారు మధ్యలో ఎక్కడికైనా వెళ్ళారా?"

"ఫోనొస్తే గుమ్మం బయటికెళ్ళారండీ. తిరిగొచ్చి, 'ఇంకో తొమ్మిది మంది చాలు' అన్నారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టారు కూడానండీ."

నేను రామారావు గారి పక్కన కూర్చుని చెయ్యి చాపాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఇచ్చాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నాడు, పాపం. పోయిన ఆదివారం, 11:49, వచ్చిన కాల్, నాలుగు నిమిషాలు. పేరు రిషిత.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "నాకీ వయసులో ఏం పోతుంది? నిందంతా నా మీద పడనీ. ఇది నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ పిల్ల బతుకమ్మా."

రిషిత బయట మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికి రాలేదు. నేను పక్కన కూర్చున్నాను. రామారావు గారి ఫోన్‌లో ఆ కాల్ చూపించాను.

చూసి ఫోను నాకు తిరిగిచ్చేసింది. "నేను పండుకోలే ఆంటీ. పొద్దుటి నుంచి స్క్రీనే చూస్తున్న. పోస్ట్ మునిగిపోతుంది, మునిగిపోతుంది అని. పదకొండు నలభై దాటినంక ఒక్కసారి ఓట్లు పడుతున్నయి. పేర్లు చూస్తే అన్నీ మన ఆంటీలు. నవ్వొచ్చింది, భయమైంది. ఆపమని చెప్దామనే ఫోన్ చేసిన. ఒట్టు. 'అంకుల్, ఆపండి, ఇది తప్పు' అని కూడ అన్న. ఆయన 'సరే తల్లీ, ఆపేస్తా' అన్నడు."

"మరి?"

"మళ్ళ స్క్రీన్ చూసిన. పదో పోస్ట్‌ని దాటనీకి నాకు తొమ్మిది ఓట్లు తక్కువ." మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "మూడు నెలల నుంచి ఉన్నది ఉన్నట్టు రాస్తున్న ఆంటీ. లోపాలు నేనే చెప్తున్న. గంటలనే పోస్ట్ మునిగిపోతది. అబద్ధాలు రాసేటోళ్ళు పైన ఉంటున్నరు. ఒక్కసారి, ఒక్కరోజు జనం చూస్తే చాలు అనిపించింది. 'అంకుల్, ఇంకో తొమ్మిదైతే మొదటి పేజీ' అన్న. అంతే అన్న. వేయించమని అనలే."

"అనక్కర్లేదు కదా."

"అనక్కర్లేదు," అని ఒప్పుకుంది.

ఇరవై మూడేళ్ళలో నేను పట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. నూటికి తొంభై పాళ్ళు నిజాయితీగా బతికి, ఒక్క నాలుగు నిమిషాల దగ్గర కాలుజారినవాళ్ళు.

"చూడమ్మా. రామారావు గారు నన్ను ఓట్లెవరివో కనిపెట్టమన్నారు. కనిపెట్టాను. అక్కడికి నా పని అయిపోయింది. లోపల అతను నువ్వు నిర్దోషివని రాస్తున్నాడు. నేను వెళ్ళి అది చెరపను. కానీ నన్నడిగితే అబద్ధమూ చెప్పను. ఇంక నీ ఇష్టం."

"చెప్తే డిగ్రీ పోతదా ఆంటీ?"

"పోవచ్చు."

"ఆ మూడు వందల మంది కూడ పోతరా?"

"అది నాకు తెలియదు తల్లీ. నీ మాట నమ్మి వాళ్ళ సైట్లు నీ పందిరి కింద పెట్టుకున్నారు. వాళ్ళ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

లోపల్నుంచి పిల్లల అల్లరి వినిపిస్తోంది. క్లాసు ఎప్పుడో అయిపోయింది. రిషిత లేచి జీన్స్ దులుపుకుని లోపలికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. పన్నెండూ నలభై ఎనిమిది.

"విక్రాంత్ గారూ, పంపకండి," అంది. "నాకు తెలుసు. ముప్పై రెండు ఓట్లు అంకుల్ వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు ఏసిన్రు. తర్వాతి తొమ్మిది నేను అడిగినయి."

"ఊరుకో తల్లీ!" అని రామారావు గారు లేచాడు. "భయపడి ఏదో అంటోందండీ, మీరు వినకండి!"

"పదకొండు నలభై తొమ్మిదికి ఫోన్ చేసిన. కాల్ నా ఫోన్‌ల ఉంది, చూస్కోండి."

విక్రాంత్ ఆ ఫోను తీసుకుని చూశాడు. కీబోర్డు మీంచి చేతులు తీసేసి నా వైపు తిరిగాడు.

"మీకు తెలుసా, మేడమ్?"

"పావుగంట నుంచి తెలుసు."

"చెప్పలేదే!"

"తనే చెప్తుందేమోనని చూశాను. మీరైతే చూడరా?"

అతను రాసిన పేరాని మొత్తం చెరిపేసి, మళ్ళీ మొదటినుంచి టైపు చేసి, అందరికీ వినబడేలా చదివాడు. ఓట్లన్నీ రద్దు. తొమ్మిది ఓట్లు అడిగింది రూపకర్త స్వయంగా, ఆ సంగతి ఆమే ఒప్పుకుంది. ఆరు నెలలు కెల్లర్‌లో పోస్టు పెట్టకూడదు. పందిరి కోడ్ మీద ఏ ఆక్షేపణా లేదు. చదివాక రిషిత వైపు చూసి, ఈసారి లాయరులా కాకుండా మామూలు మనిషిలా అడిగాడు. "పేరు తీసేసి 'ఒక స్టూడెంట్' అని పెట్టగలను. పెట్టనా?"

"వద్దు. నాది నేను చేసిన అని మొదటి లైన్‌ల రాయాలి కద."

ఒంటిగంటకి రెండు నిమిషాల ముందు రిపోర్టు వెళ్ళింది. వెంటనే దాన్ని రిషిత తనే ప్రొఫెసర్‌కి పంపింది, కింద రెండు వాక్యాలు రాసి. రామారావు గారు గోడవైపు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆ పిల్లని చూస్తే గర్వంగా ఉంది, దాని గురించి భయంగానూ ఉంది. రెండూ ఒక్కసారే ఉన్నాయి, ఏది ఎక్కువో చెప్పలేను.

ఒంటిగంటా ఆరుకి ఆమె ఫోను మోగింది. ప్రొఫెసర్ మెయిలు. ఆదివారం పూట, అన్నం వేళప్పుడు, ఎనిమిది నిమిషాల్లో జవాబు రాశాడంటే మంచికో చెడుకో అర్థం కాలేదు. రిషిత చదివి నాకిచ్చింది. జర్మన్‌లో ఒకటే లైను.

రేపు ఉదయం ఎనిమిదింటికి నా గదికి రండి, థీసిస్ తీసుకుని, ఒంటరిగా.

"నేనొస్తానమ్మా," అన్నాడు రామారావు గారు. "నేనే చెప్తాను ఆయనకి. సంఘం తరఫున ఒక లెటరు రాద్దాం. అందరం సంతకాలు పెడదాం." వెనక బెంచీల మీద వాళ్ళంతా "పెడదాం, పెడదాం" అన్నారు. ఒకాయన అప్పుడే జేబులోంచి పెన్ను తీశాడు.

రిషిత ఆయన దగ్గరికెళ్ళి, ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దంకుల్. రేపు నేనొక్కదాన్నే పోత."